కారు రూఫ్ లైటుకి ఎల్‌ఈడీ: మార్కెట్‌లో మూడు రకాలు, కొనదగ్గది ఒక్కటే

కారు లోపల ఫ్యాక్టరీ బిగించే పసుపు బల్బు 5 వాట్లది, కొన్ని కార్లలో 10 వాట్లది. దాని చోట ఒక వాట్ ఎల్‌ఈడీ పెడితే వెలుగుకి లోటుండదు. డోర్ సరిగ్గా పడక రాత్రి పది గంటలు లైటు వెలిగిందనుకోండి, 10 వాట్ల బల్బు బ్యాటరీ నుంచి 8 ఆంపియర్-అవర్లకు పైగా లాగేస్తుంది. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి, అదీ పాతదైతే, పొద్దున స్టార్ట్ కాకపోవడానికి అది చాలు. ఎల్‌ఈడీ అయితే ఒక్కటి కూడా తాగదు. మార్చడానికి అసలు కారణం ఇదీ, తెల్లటి మెరుపు కాదు.

ముందు కొలత. రూఫ్ లైటులో సాధారణంగా ఉండేది రెండు చివరలా లోహపు టోపీలున్న గొట్టం బల్బు, ఫెస్టూన్ అంటారు. టోపీ కొస నుంచి టోపీ కొస దాకా స్కేలు పెట్టి చూడండి: 31, 36, 39, 41 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి వస్తుంది. 39 చోట 41 పెడితే హోల్డర్‌లో బల్బుని పట్టుకునే రేకులు కాస్త సాగి సర్దుకుంటాయి. 36 పెడితే మాత్రం మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ఊడి కిందపడుతుంది. 31 ఉండాల్సిన చోట 36 కుక్కారంటే హోల్డర్ రేకులు విచ్చుకుపోతాయి, ఆ తర్వాత సరైన బల్బు పెట్టినా నిలవదు. డిక్కీలో, ముందు సీట్ల పైనుండే మ్యాప్ లైట్లలో టీ10 కూడా రావచ్చు. అది టోపీల్లేని, గాజు మొదలు చప్పిడిగా ఉండే బల్బు. కారు పేరు చెప్పి కొనడం కన్నా పాత బల్బు ఊడదీసి జేబులో వేసుకుని రాణీగంజ్‌కో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లడం నయం.

మొదటి రకం, ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే చదరపు ప్యానెల్ కిట్. అట్టకి పసుపు చిప్పులు, వెనక డబుల్ టేపు, అన్ని కార్లకీ సరిపోయేలా మూడు నాలుగు అడాప్టర్లు. పెట్టగానే కళ్లు జిగేల్‌మంటాయి. మన ఎండల్లో ఆరుబయట నిలిపిన కారులో పైకప్పు దగ్గర వేడికి టేపు జిగురు జారుతుంది, ప్యానెల్ ఊడి వైర్లకి వేలాడుతుంది. వెనకవైపు టంకం చుక్కలు హోల్డర్ రేకుల్ని తాకితే ఫ్యూజు ఎగురుతుంది. డిక్కీలో స్క్రూతో బిగించుకోగలిగితే సరే, రూఫ్‌కి వద్దు.

రెండోది, పెట్టె మీద క్యాన్‌బస్ అని రాసి ఉండేది. ఇందులో అదనంగా రెసిస్టర్లుంటాయి. బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు హెచ్చరించే కార్లను నమ్మించడానికి ఆ ఏర్పాటు. మన హ్యాచ్‌బ్యాక్‌లు లోపలి బల్బుల్ని సాధారణంగా అలా గమనించవు. ఆ రెసిస్టర్ అదనంగా కరెంటు లాగి వేడిగా మారుస్తుంది, ఎల్‌ఈడీ పెట్టిన లాభం కొంత అక్కడే పోతుంది.

మూడోది, లోపల కరెంటును స్థిరంగా ఉంచే చిన్న సర్క్యూట్, అంటే డ్రైవర్, ఉన్న మామూలు ఫెస్టూన్. తీసుకోవాల్సింది ఇదే. ఇంజిన్ నడుస్తుంటే కారులో 12 కాదు, 14 వోల్టుల దాకా ఉంటుంది. ఉత్త రెసిస్టర్‌తో నడిచే చవక బల్బుల్లో చిప్పులు ఆ అదనపు వోల్టేజీకి వేడెక్కి ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ఓస్రామ్ 31, 36, 41 కొలతల్లో, ఫిలిప్స్ 30, 38, 43 కొలతల్లో అమ్ముతున్నాయి. డ్రైవర్ రకానికి ఒక లోటుంది: డోర్ వేశాక మెల్లగా ఆరే లైటున్న కార్లలో ఇది చివర్లో మిణుకుమని టక్కున ఆరుతుంది. భరించదగ్గదే. అందం ముఖ్యమనుకుంటే చూసుకోండి. బల్బు లావు కూడా చూడాలి. అల్యూమినియం రెక్కలున్నవి కొన్ని లైటు మూతని పడనివ్వవు.

రంగు సంగతి. దాన్ని కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలి తెలుపుకి తిరుగుతుంది. 6000 కెల్విన్ డిక్కీకి బాగుంటుంది. రూఫ్‌కి 4000 చాలు. రాత్రి హైవే మీద వెనక సీటులో ఎవరైనా లైటు వేస్తే నీలి తెలుపు ముందు అద్దంలో మెరిసి డ్రైవర్‌కి రోడ్డు కనబడనివ్వదు.

బిగించేటప్పుడు తాళంచెవి తీసి, రూమ్ లైటు ఫ్యూజు పీకండి. ఏ ఫ్యూజో పెట్టె మూత మీది బొమ్మలో ఉంటుంది. చాలా కార్లలో స్టీరియోకి, గడియారానికి అదే ఫ్యూజు, కాబట్టి టైము మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. బద్ధకించి ఫ్యూజు ఉంచేస్తే, బల్బు లాగేటప్పుడు స్క్రూడ్రైవరు రెండు రేకుల్నీ ఒకేసారి తాకి అదే పోతుంది. మూత అంచున చిన్న గాడి ఉంటుంది. అక్కడ పాత ఏటీఎం కార్డు దూర్చి మెల్లగా లేపాలి. స్క్రూడ్రైవరైతే ప్లాస్టిక్ మీద గీత ఖాయం. బల్బు అప్పటిదాకా వెలుగుతూ ఉంటే వేలు కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.

రేకుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే సన్న గరుకు కాగితంతో రుద్ది, రెండింటినీ వెంట్రుకవాసి లోపలికి వంచండి. గుంతల్లో లైటు మినుకుమనడానికి చాలాసార్లు కారణం ఈ వదులే. బల్బు పెట్టాక చిప్పులు కిందికి చూసేలా తిప్పి, మూత వేసేముందే ఫ్యూజు పెట్టి చూసుకోవాలి. వెలగలేదా? చివరలు మార్చి పెట్టండి, కొన్ని ఎల్‌ఈడీలకు ప్లస్ మైనస్ తేడా ఉంటుంది. టీ10 అయితే దాని కాళ్లలా ఉన్న సన్న తీగెల్ని కొద్దిగా ఎడం చేస్తే పట్టు దొరుకుతుంది.

అన్నీ ఆపేశాక కూడా మసకగా వెలుగుతుంటే బల్బు చెడిందని తిరిగి పంపకండి. కారు కంట్రోలర్ నుంచి కారే కొద్దిపాటి కరెంటు పాత ఫిలమెంటుని వెలిగించలేదు, ఎల్‌ఈడీకి మాత్రం అది చాలు. అదే లైన్‌లో మరో లైటుంటే దానిలో పాత బల్బునే ఉంచేయండి, మసక పోతుంది. ఒక్కటే లైటైతే హోల్డర్ రేకుల మధ్య 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ టంకం వేయించండి.