పాత కాగితాల కోసం కొన్న పెట్టెల సెట్టు: రెండు వానాకాలాల అనుభవం

మా తాతగారు నల్లగొండ జిల్లాలోని ఒక ఊరికి పట్వారీగా పనిచేశారు. ఆయన దస్తావేజులు, మా నాయనమ్మ దాచుకున్న పోస్టుకార్డులు, శుభలేఖలు, ఫోటోలు, వంశవృక్షం కోసం పదిహేనేళ్లుగా బంధువులను అడిగి నేను రాసుకున్న నోటుపుస్తకాలు, అన్నీ మలక్‌పేటలోని మా ఇంట్లో ఒక ఇనుప సందుగలో ఉండేవి. 2020 అక్టోబరు వానలకు కింది గదిలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ సందుగ అడుగు తడిసింది. నీళ్లు చేసిన నష్టం కంటే, తాతగారి కాలం నుంచి ఆ కాగితాలకు చుట్టి ఉన్న ఎర్రగుడ్డ చేసిన నష్టమే ఎక్కువ. దాని రంగు కారి, అడుగునున్న పహాణీ (పొలాల సాగు వివరాల లెక్క) నకళ్ల మీద అరచేతి వెడల్పు గులాబీ మరకలు పడ్డాయి. అవి ఇక పోవు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు సర్కారు దస్త్రాలు భద్రంగా ఉంటాయి గాని, మా నాయనమ్మ పోస్టుకార్డుకు మరో ప్రతి ఎక్కడా ఉండదు. ఆ భయంతోనే, కాగితాలు భద్రపరచడానికి ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక పెట్టెల సెట్టును 4,200 రూపాయలు పెట్టి కొన్నాను. ఇంట్లో ఇలాంటి కాగితాలున్నవారికి పనికొస్తుందని, రెండు వానాకాలాలు గడిచిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

సెట్టులో మూడు అట్టపెట్టెలు, ముప్పై కాగితపు ఫోల్డర్లు, యాభై పారదర్శకమైన కవర్లు, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు పది, అంటించుకునే చీటీలు, ముద్రించిన పట్టిక కాగితాలు వచ్చాయి. పెట్టె మీద ఆమ్లరహితం అని రాసి ఉంది. సాధారణ అట్టలోనూ వార్తాపత్రికల కాగితంలోనూ ఉండే ఆమ్లం కాలక్రమంలో పక్కనున్న కాగితానికి కూడా పాకి, దాన్ని పసుపు రంగుకు తిప్పి పెళుసుగా మారుస్తుంది కాబట్టి, ఈ ఒక్క మాట నిజమా కాదా అన్నదాని మీదే మొత్తం సెట్టు విలువ ఆధారపడి ఉంటుంది. అందుకే ఆమ్లాన్ని పరీక్షించే పెన్నొకటి తెప్పించి, పెట్టె మూత లోపలి అంచున చిన్న గీత గీశాను. ఆమ్లం లేకపోతే ఆ గీత ఊదా రంగులోకి, ఉంటే పసుపు రంగులోకి తిరుగుతుంది. పెట్టె మీద, ఫోల్డర్ల మీద గీత స్పష్టంగా ఊదా రంగు పట్టింది. పట్టిక కాగితాల మీద మాత్రం పసుపుగానే నిలిచింది కనుక వాటిని పెట్టెల్లో పెట్టలేదు. ఈ పెన్నుతో కొత్త సామానును మాత్రమే పరీక్షించాలి, పాత దస్తావేజు మీద గీయకూడదు. ఆ మరక శాశ్వతంగా ఉండిపోతుంది.

పెట్టెలు, ఫోల్డర్లు నిజంగా మంచివి. మూలలు గట్టిగా ఉన్నాయి, మూత దుమ్మును బాగా ఆపుతోంది, రెండేళ్లలో లోపల ఒక్క పుస్తకాల పురుగు కూడా కనబడలేదు. అయితే ఈ సెట్టుకున్న అసలు లోపం కొలతలో ఉంది. పెట్టెలన్నీ ఏ4 కొలతకు చేసినవి. అంటే పొడవు పన్నెండు అంగుళాల లోపే. హైదరాబాదు రాజ్యపు స్టాంపు కాగితాలు, శిస్తు లెక్కల కాగితాలు మా ఇంట్లో ఉన్నవాటిలో అనేకం ఫుల్‌స్కేపు అంతటివి, కొన్ని పద్నాలుగు అంగుళాలవి. వాటిని ఏ4 పెట్టెలో పెట్టాలంటే మడవక తప్పదు. ఎనభై ఏళ్ల కాగితం చిరగడం మొదలయ్యేది మడత దగ్గరే. మా తాతగారి తండ్రి పేరున ఉన్న ఒక ఉర్దూ దస్తావేజును బల్ల మీద పరిచి దగ్గరగా చూశాను. నాలుగు మడతలు కలిసే చోట గోరంత చిల్లి పడి, అక్కడున్న రెండు అక్షరాలు పోయాయి. నల్ల సిరా గోధుమ రంగుకు మారిన చోట్ల అక్షరం వెంబడే సిరా కాగితాన్ని సన్నగా తినేసింది. అలాంటి కాగితాన్ని పెట్టె కొలత కోసం మరోసారి మడవడానికి నాకు చేతులు రాలేదు. మన ఇళ్లలో ఎలాంటి కాగితాలు ఉంటాయో విచారించి ఈ సెట్టు తయారుచేసి ఉంటే, మూడింటిలో ఒక్క పెట్టెనైనా పెద్దది ఇచ్చి ఉండేవారు.

రెండో లోపం కవర్లు. అవి ఏ ప్లాస్టిక్‌తో చేసినవో ఎక్కడా రాయలేదు. తెరవగానే కొత్త వానకోటు వాసన వచ్చింది. పీవీసీకి ఉండే వాసన అది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు జిరాక్సు అక్షరాలను లేపి కవరుకు అంటుకునేలా చేస్తాయని తెలుసు కాబట్టి, అసలు కాగితాలకు బదులు ఒక జిరాక్సు ప్రతిని అందులో పెట్టి ఒక ఎండాకాలం పాటు వదిలేశాను. జూన్‌లో తీసి చూస్తే సగం పేజీ అక్షరాలు కవరు లోపలి వైపున తిరగబడి అంటుకుని ఉన్నాయి. ఆ యాభై కవర్లూ పక్కన పడేసి, ఫోటోల కోసం విడిగా పాలిప్రొపిలీన్ కవర్లు కొన్నాను. కాగితాలకైతే ఫోల్డరు చాలు, కవరు అవసరమే లేదు. కాగితాలను లామినేషన్ చేయించడం ఇంతకంటే పెద్ద తప్పు. మా మేనమామగారు మంచి ఉద్దేశంతోనే అమ్మమ్మగారి పాత పట్టా కాగితాన్ని లామినేషన్ చేయించారు. వేడికి కరిగి కాగితపు నారల్లోకి దిగిన ప్లాస్టిక్‌ను ఇప్పుడు ఎవరూ వేరుచేయలేరు.

సిలికా జెల్ గురించి ఒక్క మాట చాలు. అట్టపెట్టెలోకి గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి, ఆగస్టులో నీలం గుళికలు వారం తిరిగేసరికి గులాబీ రంగుకు మారిపోయాయి, అంటే అవి ఇక తేమను పీల్చలేవు. వాటికంటే పెట్టెను ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. నేను పడకగదిలోని బీరువా మధ్య అరను ఎంచుకున్నాను. మే నెల ఎండలో అటక మీద వేడి కాగితాన్ని పెళుసు చేస్తుంది, స్నానాలగది గోడకు ఆనుకున్న అరలో తేమ చేరుతుంది, నేల మీద పెడితే ఏమవుతుందో మా సందుగ చూపించింది.

పెద్ద కాగితాల కోసం చివరికి ఛత్తా బజారులో ఒక బైండరు దగ్గరికి వెళ్లాను. ఆమ్లరహిత అట్టను నేనే తెచ్చి ఇస్తే, పదిహేను అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పుతో మూతపెట్టె ఒక్కొక్కటి 350 రూపాయలకు చేసి ఇచ్చారు. పురుగు పట్టకుండా బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. ఆ రాగి ఉప్పు కాగితాన్ని దెబ్బతీస్తుందని, జిగురు లోపలి వైపు అసలు తగలకూడదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అట్లయితే మూలలకు దారంతోని కుట్టేస్త సార్, జిగురే అక్కర్లేదు” అన్నారు. ఆ కుట్టు సెట్టులోని పెట్టెల మూలలకంటే గట్టిగా ఉంది. అట్ట ఖర్చు కలిపినా పెట్టె ఒక్కొక్కటీ 600 రూపాయలు దాటలేదు.

సెట్టుతో వచ్చిన చీటీలు మొదటి వానాకాలంలోనే ఊడిపోయాయి. ఇప్పుడు ఫోల్డరు మీద నేరుగా మెత్తని పెన్సిలుతో రాస్తున్నాను. పట్టికలో పేరు, తేదీ, విషయం అనే గడులు మాత్రమే ఉన్నాయి. ఆ కాగితం ఎవరి ఇంట్లో, ఎవరి దగ్గర దొరికిందో రాయడానికి చోటు లేదు. కుటుంబ చరిత్ర రాసేవారికి అది పెద్ద లోటు. ఒక ఫోటో చిన్న నాయనమ్మ ఇంట్లో దొరికిందంటే, అందులోని గుర్తుతెలియని ఆడమనిషి ఆవిడ పుట్టింటి తరఫు బంధువు కావచ్చని వెతకడానికి దారి దొరుకుతుంది. అందుకే పట్టికను నేనే గీసుకున్నాను. ఉర్దూ కాగితాల మీదున్న ఫసలీ సంవత్సరానికి (నిజాం సర్కారు శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) 590 కలిపి, రెండు తేదీలనూ పక్కపక్కన రాస్తున్నాను. ఉదాహరణకు 1343 ఫసలీ అంటే 1933-34. ఒక్క ఫసలీ సంవత్సరమే రాసి వదిలేస్తే, మా పిల్లలు దాన్ని చూసి ఏ కాలమో పోల్చుకోలేరు.

ఈ సెట్టులోని పెట్టెలు, ఫోల్డర్లు విడిగా అమ్మితే మళ్లీ కొంటాను; మొత్తం సెట్టు మాత్రం కొనను. పోస్టుకార్డులు, శుభలేఖలు, నోటుపుస్తకాలు మాత్రమే ఉన్నవారికి ఏ4 పెట్టెలు సరిపోతాయి. దస్తావేజులున్నవారు బైండరు దగ్గరికి వెళ్లే ముందు తమ కాగితాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని బల్ల మీద పరిచి, దాని కొలతకు ఒక వార్తాపత్రికను కత్తిరించుకుని ఆ ముక్కను తీసుకుని వెళ్లాలి, అసలు కాగితాన్ని ఇల్లు దాటించకూడదు. నాకు పెట్టెలు చేతికి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది, పెళ్లిళ్ల కాలంలో శుభలేఖల పని ఎక్కువగా ఉంటుంది కనుక ఇంకా ఆలస్యం కావచ్చని బైండరు ముందే చెప్పారు.