న్యూటౌన్ జెర్సీ షాపు, 23 నంబరు మీద ఒక చర్చ

మా స్కూలు బాస్కెట్‌బాల్ అమ్మాయిలకు ఈసారి జెర్సీలు మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోని ఒక చిన్న షాపులో వేయించాను. పీఈటీగా ఇంతకుముందు హైదరాబాద్ నుంచి తెప్పించేదాన్ని, ఇక ఆ అవసరం లేదు. బట్ట డ్రైఫిట్, చెమట పట్టినా ఒంటికి అంటుకోవడం లేదు. నంబర్లు అతికించినవి కావు, బట్టలోనే ప్రింటై వస్తాయి కాబట్టి ఉతికితే ఊడవు. షార్ట్‌తో కలిపి జత 600 రూపాయలు. లోపమల్లా చంక దగ్గర కోత మగపిల్లల కొలతకే ఉండటం. అమ్మాయిలకైతే కొలతలు ముందే ఇవ్వండి.

డిజైన్ పెడుతుండగా మా కెప్టెన్ 23 నంబరు కావాలంది, అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ది. షాపన్న వెంటనే, "ఆయన్ని ఓనరు బానిసలెక్క చూసిండు మేడం, అందుకే టీం ఇడిసిపెట్టి పోయిండు" అన్నాడు. పిల్లలు నా వైపు చూశారు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పిల్లల ముందు సగం చెప్పి వదిలేసే సంగతి కాదిది.

2010 జూలైలో లెబ్రాన్ క్లీవ్‌లాండ్ జట్టును వదిలి మయామీ జట్టుకు వెళ్తున్నానని టీవీలో లైవ్‌గా ప్రకటించాడు. ఆ రాత్రే క్లీవ్‌లాండ్ ఓనర్ డాన్ గిల్బర్ట్ ఇది పిరికి ద్రోహమంటూ అభిమానులకు బహిరంగ లేఖ రాశాడు. ఊళ్లో కొందరు ఇదే నంబరు జెర్సీలు తగలబెట్టారు. నల్లజాతి హక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ కల్పించుకుని, గిల్బర్ట్ లెబ్రాన్‌ను పారిపోయిన బానిసలా చూస్తున్నాడన్నాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ గిల్బర్ట్‌కు లక్ష డాలర్ల జరిమానా వేశాడు, జాక్సన్ మాటనూ తప్పుబట్టాడు. అంటే లెబ్రాన్ వెళ్లాక పుట్టిన మాటను షాపన్న వెళ్లడానికే కారణం చేశాడు.

"అన్నా, ముందుగాల కాగితంల ఏముందో చూడాలె" అన్నాను. లెబ్రాన్ అప్పటికి ఫ్రీ ఏజెంట్, అంటే ఒప్పందం తీరిపోయి ఏ జట్టుకూ కట్టుబడి లేడు. నచ్చిన టీంతో మాట్లాడుకునే హక్కు ఉంది. ఆ హక్కు ఊరికే రాలేదు. బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను 1969లో సెయింట్ లూయిస్ జట్టు అడగకుండానే ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. రిజర్వ్ క్లాజు ఉండటంతో ఒప్పందం గడువు తీరినా ఆటగాడు ఆ జట్టు చేతిలోనే ఉండేవాడు. ఏడాదికి 90 వేల డాలర్లు తెచ్చుకునే ఫ్లడ్, జీతం ఎంతిచ్చినా బానిస బానిసేనని టీవీలో చెప్పి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. బాస్కెట్‌బాల్‌లో ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరు మీద ఆటగాళ్లు 1970లో వేసిన కేసు 1976లో రాజీ అయ్యాకే అలా జట్టు మారే దారి తెరుచుకుంది. ఫ్లడ్ అన్నదానికి అతని ఒప్పంద కాగితమే సాక్ష్యం. జాక్సన్ అన్నదానికి ఆ సాక్ష్యం లేదు.

అలాగని జాతి సంగతే లేదనను. ఎన్‌బీఏ ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, ఓనర్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. అక్కడ ఆ లేఖ చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. జాక్సన్ ఆ అహంకారాన్నే నిలదీసి ఉంటే బాగుండేది.

పాలమూరులో పుట్టినదాన్ని, వెట్టి గురించి తేలిగ్గా మాట్లాడితే ఓర్చుకోలేను. మా నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దూరాన ప్రాజెక్టు కట్టల పనికి పోయేవాడు. మా తాత చనిపోయిన రోజు కూడా, అడ్వాన్సు తీరలేదని ఆయన్ని ఇంటికి పంపలేదు.

షాపన్న మౌస్ పక్కన పెట్టి విన్నాడు. "మా పెద్దనాయన గూడ గట్లనే పోయిండు మేడం" అన్నాడు. కాసేపాగి, "మరి గన్ని కోట్లిచ్చిన ఓనరు గట్లెందుకు రాసిండు?" అని అడిగాడు.

"పైసలిచ్చినందుకు మనిషే తనోడనుకున్నడన్నా."

కస్టమర్ తప్పు పడితే ముఖం మాడ్చుకోకుండా వినే షాపు ఇది. సగం డబ్బు ముందు తీసుకుని, రసీదు మీద తేదీ రాసిచ్చాడు, ఆ తేదీకే సరుకిచ్చాడు. టోర్నమెంట్ల సీజన్‌లో రద్దీ ఉంటుంది, కాస్త ముందుగా వెళ్లండి. పేర్ల స్పెల్లింగ్ మాత్రం ప్రింటుకు పోకముందే స్క్రీన్ మీద పిల్లలకే చూపించండి.