దూరవిద్య బీఎడ్ సైన్స్: రెండేళ్లు, 55,000 రూపాయలు, ఒక వోల్ట్‌మీటరు

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లెలో పధ్నాలుగేళ్లుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠాలు చెబుతున్నాను. చిన్న తరగతుల టీచర్లకిచ్చే సీటీ ట్రైనింగ్ అయింది, దాన్నే ఇప్పుడు డీఎల్ఎడ్ అంటున్నారు. డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. హైస్కూల్లో సైన్స్ చెప్పాలంటే బీఎడ్ ఉండాలి. ఇద్దరు పిల్లల్నీ, అత్తగారినీ వదిలి భువనేశ్వర్ రీజనల్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్లు కూర్చోవడం నావల్ల అయ్యే పని కాదు. అందుకే ట్రైనింగ్ అయిన టీచర్ల కోసం ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం నడిపే బీఎడ్‌లో చేరాను. ఈ మధ్యే పూర్తయింది. గుణుపురం, కాశీనగర్ వైపు టీచర్లు అరడజను మంది ఫోన్ చేశారు, "అక్కా, డబ్బులు దండగేనా?" అని. అందరికీ కలిపి ఇదే జవాబు.

అయిదుకి మూడు మార్కులు వేస్తాను. ఆ మూడూ దాదాపు పన్నెండు రోజుల్లోనే వచ్చాయి.

ప్రవేశ పరీక్షకు భయపడక్కర్లేదు. తప్పు రాస్తే మార్కులు కోసేయరు. రీజనింగ్ ఒక నెల చూసుకుంటే సరిపోతుంది. అంతకన్నా పెద్ద పరీక్ష ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవడం. నా కాగితం మూడు వారాలు ఒకే బల్ల మీద ఉంది. అది ఏ బల్లో చెప్పను, రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి.

పుస్తకాలు పోస్టులో వచ్చాయి, ఒక పెట్టెడు. ఇంగ్లీషులో ఉంటాయి, లేదంటే హిందీలో. నాది తెలుగు బుర్ర, బడిలో ఉన్నది ఒడియా పుస్తకం, పరీక్ష ఇంగ్లీషులో. దీని సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మన తెలుగు సైన్స్‌లో వేగం అంటే దిశ కూడా ఉన్నది, దిశ లేనిది వడి. ఒడియాలో దిశ లేనిదే బేగ, దిశ ఉన్నది పరిబేగ. "వేగం" అని తెలుగులో ఆలోచించి బోర్డు మీద బేగ అని రాశానంటే పాఠం తప్పినట్టే. ద్రవ్యరాశి అక్కడ బస్తుత్వ. ఆక్సిజన్ అమ్లజాన్. అది మాత్రం నాకు ఇష్టం, మా తాతగారి పాత పుస్తకాల్లోని ఆమ్లజని గుర్తొస్తుంది. రెండేళ్లలో ఇలాంటి మాటలకు నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. కోర్సు ఇచ్చిన పుస్తకాలకన్నా ఇప్పుడు అదే ఎక్కువ తీస్తున్నాను.

అన్ని సబ్జెక్టుల్లోనూ భాష పాత్ర మీద ఒక పేపరుంది. దాని అసైన్‌మెంట్‌లో గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి రాశాను. మా పర్లాకిమిడిలోనే పనిచేస్తూ, సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్న మనిషి కదా. దిద్దినవారు పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. మార్కులు మాత్రం వేశారు.

ఆదివారం క్లాసుల విషయంలో నాకు కోపముంది. పొద్దున్నే వంట చేసి, టిఫిన్ కట్టుకుని, బస్సు పట్టుకుని వెళితే మా స్టడీ సెంటర్ గేటుకి తాళం. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టామంటారు, అది తొమ్మిదింటికి వస్తుంది. సైన్స్ బోధన క్లాసులు సగం కూడా జరగలేదు. జరిగినవాటిలో ఒకాయన పుస్తకం పట్టుకుని చదివి వినిపించారు. చదవడం నాకూ వచ్చు.

ఇక బరంపురంలో పన్నెండు రోజుల వర్క్‌షాప్. మండుటెండల్లో పెట్టారు. పిన్ని వాళ్లింట్లో దిగాను. మేడ మీద ఆవిడ అప్పడాలు ఎండబెడుతుంటే, నేను కింద లెసన్ ప్లాన్లు రాసుకునేదాన్ని. మొదటి రోజే రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన వచ్చారు. ఒడియా ఆయన, తెలుగు కొద్దిగా వచ్చు. పరిచయాలేమీ లేకుండా మనిషికొక టార్చి సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క తీగముక్క ఇచ్చి వెలిగించమన్నారు. హోల్డరు లేదు. నలభై మంది టీచర్లం, అందరూ డిగ్రీలున్నవాళ్లమే. పావుగంటలో వెలిగించింది ఆరుగురు. నేను ఆ ఆరుగురిలో లేను. బల్బు అడుగున ఉండే మొనని సెల్లు బుడిపె మీద ఆనించి, సెల్లు కింది నుంచి తీగను బల్బు పక్క లోహానికి తాకించాలి. బల్బుకి రెండు చోట్ల అతుకు కావాలన్న సంగతి ఎనిమిదో తరగతికి ఎన్నిసార్లు చెప్పానో. నా చేతికి మాత్రం తెలియలేదు.

మూడో రోజు ఓమ్ నియమం, అంటే వోల్టేజికీ కరెంటుకీ ఉన్న లెక్క. నేను వోల్టేజి కొలిచే వోల్ట్‌మీటరుని, కరెంటు కొలిచే అమ్మీటరు లాగే వరసలో కలిపేశాను. బల్బు వెలగలేదు, అమ్మీటరు ముల్లు కదల్లేదు, వోల్ట్‌మీటరు మాత్రం దాదాపు మూడు వోల్టులు చూపిస్తోంది. ఒళ్లంతా చెమటలు. గబగబా విప్పబోతుంటే ఆయన చూసి, "విప్పకండమ్మా, అలా ఉండనివ్వండి. అది మూడు ఎందుకు చూపిస్తోందో చెప్పండి," అన్నారు. మా బల్ల దగ్గర అయిదుగురం అరగంట వాదించుకున్నాం. వోల్ట్‌మీటరు నిరోధం చాలా ఎక్కువ, కాబట్టి కరెంటు దాదాపు పారదు, వోల్టేజి అంతా దానికే పడుతుంది, బల్బుకి ఏమీ మిగలదు. పుస్తకంలో ఇది ఒక వాక్యం, "వోల్ట్‌మీటరును సమాంతరంగా కలపాలి" అంతే. కలపకపోతే ఏమవుతుందో నాకు ముప్పై ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది.

మైక్రోటీచింగ్, అంటే తోటి టీచర్ల ముందు చిన్న పాఠం చెప్పి దిద్దుకోవడం, మాత్రం తంతు. ఆరు నిమిషాలు చెప్పాలి, ఆరు నిమిషాలు తప్పులు వినాలి, పన్నెండు నిమిషాలు మార్చుకోవాలి, మళ్లీ ఆరు, మళ్లీ ఆరు. మనిషికి 36 నిమిషాలు. నలభై మందికి అది ఎలా సాగుతుంది? నా వంతు నాలుగు నిమిషాల్లో ముగిసింది. వెనక బెంచీ వాళ్లు అప్పటికే రికార్డులు నింపేసుకుంటున్నారు.

మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పన్నెండు వారాలు బడిలో ఇంటర్న్‌షిప్. నాకు పడిన హైస్కూల్లో ప్రయోగశాల అంటే ఒక బీరువా. తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలియదు. చివరికి పర్లాకిమిడి బజార్లో సెల్లులు, బల్బులు, తీగ కొనుక్కుని వెళ్లాను. తొమ్మిదో తరగతికి ఆ ఒక తీగ ఆటే పెట్టాను. "దిదీ, కరెంటుని బల్బు తినేస్తుంది కదా, మరి ఇంకో పక్కకి ఏం పోతుంది?" అని ఒక పిల్ల ఒడియాలో అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మర్నాడు రెండు అమ్మీటర్లు అరువు తెచ్చి బల్బుకి ఇటొకటి, అటొకటి పెట్టాం. రెండూ ఒకే అంకె చూపించాయి. ఆ పిల్ల నమ్మలేదు, మీటర్లు అటూ ఇటూ మార్చి చూసింది. అలా మార్చి చూడాలని నాకు తట్టలేదు.

చేరబోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఈ కోర్సు సబ్జెక్టు నేర్పదు. ఎలా చెప్పాలో చెబుతుంది, అదీ కొంతే. నాలాగా సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) చదివినవాళ్లకు ఫిజిక్స్ ఇంటర్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చిన్న హైస్కూల్లో పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు) పోస్టు ఖాళీగా ఉంటే ఆ పాఠాలూ మన నెత్తినే పడతాయి. తొమ్మిది, పది తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోని ప్రతి ప్రయోగాన్నీ చేత్తో చేసుకోండి. లెక్కలు కూడా చేయండి. నేను కటకాల (లెన్సుల) సూత్రంలో ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. బీఎడ్ అయ్యాక ఓఎస్‌ఎస్‌టీఈటీ, అంటే ఒడిశా హైస్కూల్ టీచర్ల అర్హత పరీక్ష, ఎలాగూ రాయాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసైన కాగితం ఉందో లేదో ముందే చూసుకోండి. మా కొలీగ్ ఒకావిడ అది లేక ఏడాది పోగొట్టుకుంది.

ఫీజు 55,000. ప్రయాణాలు, రికార్డులు, జిరాక్సులు, బడికి కొన్న సామాన్లు కలిపి నాకు ఇంకో పద్దెనిమిది వేలు అయింది. పిన్ని ఇల్లు లేకపోతే ఇంకా అయ్యేది. డిగ్రీలో ఫిజిక్స్ ఉండి, సర్టిఫికెట్ మాత్రమే కావాల్సినవాళ్లకు ఈ కోర్సు చాలు. నాలాంటివాళ్లు చేరేముందు మూడు వందలు పెట్టి ఒక మల్టీమీటరు కొనుక్కోండి. బరంపురం వర్క్‌షాప్‌కి గొడుగు, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. ఫిజిక్స్ సార్ వచ్చే రోజున ముందు బెంచీలోనే కూర్చోండి, ఆయన చిన్నగా మాట్లాడతారు, ఫ్యాను చప్పుడుకి వెనక ఏమీ వినపడదు.