రోజూ సాగే సీరియలా, ఆరు భాగాల కథా: ఏది మేలు?

బ్రిటన్ టీవీలో ఒక పక్క ఒక వీధి మనుషుల కథ చెప్పే సీరియల్ ‘కారొనేషన్ స్ట్రీట్’ ఉంది. 1960 డిసెంబరులో వాణిజ్య ఛానెల్ ఐటీవీలో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. మరో పక్క జేన్ ఆస్టెన్ నవల ఆధారంగా 1995లో బీబీసీ ఆరు భాగాల్లో చెప్పి ముగించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. రాత్రి ఒక గంట తీరిక దొరికితే నేను రెండోదే పెట్టుకుంటాను.

అందులో ఒక సన్నివేశం చెబుతాను. కథానాయకుడు డార్సీ ఇల్లు పెంబర్లీ భవనంలో సాయంత్రం. అతని చెల్లెలు జార్జియానా పియానో వాయిస్తోంది. డార్సీ స్నేహితుడి చెల్లెలు మిస్ బింగ్లీ, వికమ్ అనే అతని ఊసు ఎత్తుతుంది. ఒకప్పుడు వికమ్ మాటలు నమ్మి అతనితో వెళ్లిపోవడానికి సిద్ధపడిన పిల్ల కదా, జార్జియానా వేళ్లు తడబడతాయి. కథానాయిక ఎలిజబెత్ చప్పున వెళ్లి పక్కన నిలబడి, పేజీలు తిప్పడానికే వచ్చినట్టు ఆ అమ్మాయిని కాచుకుంటుంది. గదికి అవతలి నుంచి డార్సీ ఎలిజబెత్ వైపు చూస్తాడు. ఆమె కూడా చూస్తుంది. ఒక్క మాట ఉండదు. అంతకుముందు అతను గర్వంతో పెళ్లి మాట ఎత్తడం, ఆమె ముఖం మీదే కాదనడం చూసి ఉంటాం కాబట్టి ఆ చూపు అంత బరువుగా తగులుతుంది.

ఏళ్ల తరబడి సాగాల్సిన కథకు ఈ అవకాశం తక్కువ. ఒక జంట కలిస్తే మళ్లీ విడదీయాలి, లేకపోతే రేపటికి కథ ఉండదు.

అలాగని వాణిజ్య ఛానెల్ కావడమే లోపం అనను. 1981లో ‘బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్’ను పదకొండు భాగాలుగా, 1984లో ‘ద జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’ను పద్నాలుగు భాగాలుగా తీసింది గ్రెనడా. ‘కారొనేషన్ స్ట్రీట్’ తీసిన మాంచెస్టర్ సంస్థే అది. ‘ద జ్యుయెల్ ఇన్ ద క్రౌన్’లో, ఇంగ్లండ్‌లో పెరిగి, ఇండియాకు వచ్చాక తెల్లవాళ్లకూ కాక, మనవాళ్లకూ కాక మిగిలిపోయిన హరి కుమార్‌ను నేను మరచిపోలేను.

ఉత్కంఠతో భాగాన్ని ముగించడమూ తప్పు కాదు. డికెన్స్ 1852, 53లలో నెలనెలా అచ్చువేసిన ‘బ్లీక్ హౌస్’ను బీబీసీ 2005లో చాలావరకు అరగంట భాగాలుగా, సీరియల్ పద్ధతిలోనే ఇచ్చింది. అందులో కోర్టు కాగితం మీద చేతిరాత చూసి గొప్పింటి ఇల్లాలు లేడీ డెడ్‌లాక్ ముఖం పాలిపోతుంది. ఆ రాత ఎవరిదన్న ప్రశ్నే కథను ఆమె చివరి రోజుల దాకా నడిపిస్తుంది.

సీరియల్‌కు ఒక గొప్ప బలం ఉంది, కాదనను. పనిచేసుకుని బతికే వీధి మనుషులు అందులో కథానాయకులు. పాతకాలపు కథల టీవీ నాటకాల్లో వాళ్లు చాలాసార్లు టీ పళ్లెం పెట్టి వెళ్లిపోతారు. ఆ వీధి మనుషుల పలకరింపు ప్రతి సాయంత్రం కావాలనిపిస్తే సీరియలే చూడండి.

రెండు ఆదివారాలు ఖాళీగా ఉంటే మాత్రం ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదటి భాగం నుంచి మొదలుపెట్టండి. ఆ పియానో సన్నివేశాన్ని విడి ముక్కగా ముందే చూసేయకండి.