రెనో 1.5 డీజిల్ ఇంజన్ లాకింగ్ పిన్నుల సెట్టు: ఇంట్లో టైమింగ్ బెల్టు మార్చాక నా అభిప్రాయం

మా ఇంట్లో ఉన్నది డీజిల్ డస్టర్, 85 పీఎస్ రకం. దాని టైమింగ్ బెల్టును గత నెలలో ఇంటి ముందే, మా మేనల్లుడి సాయంతో మార్చాను. అందుకోసం ఆన్‌లైన్‌లో కొన్న లాకింగ్ పిన్నుల సెట్టు గురించీ, దానితో పాటు వాడిన బెల్టు కిట్టు గురించీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే కె9కె ఇంజన్, అంటే 1461 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, నిస్సాన్ టెరానో, సన్నీ, మైక్రా డీజిల్ కార్లలోనూ మహీంద్రా వెరిటోలోనూ ఉంది కాబట్టి ఆ కార్లు నడిపేవారికి కూడా ఇందులో చాలా వరకు పనికొస్తుంది.

ముందుగా ఈ పిన్నులు ఎందుకో చెప్పాలి. ఈ ఇంజన్‌లో వాల్వు పూర్తిగా కిందికి దిగి ఉన్న సమయంలో పిస్టన్ పైకి వస్తే రెండూ ఢీకొంటాయి. అవి ఎప్పుడూ ఎదురుపడకుండా క్రాంకునూ (పిస్టన్లు తిప్పే షాఫ్టు), క్యామ్‌షాఫ్టునూ (వాల్వులను తెరిచే షాఫ్టు) లెక్క ప్రకారం కలిపి తిప్పేది ఈ ఒక్క రబ్బరు బెల్టే. అది తెగినా, పళ్ళు ఊడినా వాల్వులు వంగి, హెడ్డు (వాల్వులు ఉండే ఇంజన్ పైభాగం) విప్పించుకోక తప్పదు. బెల్టు తీసినప్పుడు ఆ రెండు షాఫ్టులూ తమ స్థానం నుంచి కదలకుండా పట్టి ఉంచేవే ఈ పిన్నులు. ఒకటి క్యామ్ పుల్లీలోని రంధ్రం గుండా హెడ్డులోకి దిగుతుంది. రెండోదాన్ని, సిలిండర్ బ్లాకు మీది చిన్న ప్లగ్గు తీసి, ఆ మరలో బిగిస్తాం. అప్పుడు క్రాంకును మెల్లగా తిప్పుకుంటూ పోతే దాని చెంప, అంటే పక్క భాగం, వచ్చి ఆ పిన్నుకు ఆనుకుని ఆగుతుంది.

నేను కొన్న సెట్టు ధర 1,450 రూపాయలు. ప్లాస్టిక్ పెట్టెలో రెండు పిన్నులు, పుల్లీని పట్టుకునే పిడి ఒకటి వచ్చాయి. క్రాంకు పిన్ను నాణ్యంగా ఉంది: మర శుభ్రంగా కోశారు, చేత్తోనే చివరిదాకా దిగింది, పొడవు కూడా సరిపోయింది. చిక్కంతా క్యామ్ పిన్నుతోనే వచ్చింది. అది 8 మిల్లీమీటర్లు ఉండాలి. పెట్టి చూస్తే పుల్లీ అటూ ఇటూ కొద్దిగా ఊగింది. అనుమానం వచ్చి వెర్నియర్‌తో కొలిస్తే 7.6 తేలింది. మరోచోట కొలిచాను, మేనల్లుడి చేత కొలిపించాను, అదే అంకె. వేలితో తాకితే పిన్ను మధ్యలో సానపట్టిన గీతలు తెలుస్తున్నాయి. పైన పూత మెరుస్తోంది గానీ లోపల లోహాన్ని అరగదీసి వదిలేశారు. సగం మిల్లీమీటరు కూడా లేదు కదా అని వదిలేయడానికి ఇది తలుపు గడియ కాదు. ఆ ఊపులో క్యామ్ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటే, వాల్వుల టైమింగ్ కొంత తప్పినా మనకు తెలియదు. చివరకు కొత్త 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు ఒకటి తెచ్చి, దాని నునుపైన కాడవైపు లోపలికి పెట్టాను. పుల్లీ ఇక కదలలేదు. అమ్మినవారికి ఫోటోలు పంపితే ఆ పిన్ను డబ్బు వాపసు చేశారు, కానీ కొలత తప్పిన పిన్ను పెట్టెలోకి ఎలా వచ్చిందో చెప్పలేదు.

బెల్టు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిసి వచ్చే గేట్స్ కిట్టును విజయవాడ ఆటోనగర్‌లో ఒక దుకాణంలో కొన్నాను. బెల్టుకు 123 పళ్ళు, వెడల్పు 27 మిల్లీమీటర్లు. పాతదాన్ని పక్కన పరిచి పన్ను పన్నుకూ పోల్చి చూశాకే చేతిలోకి తీసుకున్నాను. క్రాంకు బోల్టు మాత్రం విడిగా కొత్తది కొన్నాను. దాన్ని మొదట నిర్దేశించిన టార్కుకు (తిప్పే బలానికి) బిగించి, ఆ పైన డిగ్రీల లెక్కన మళ్ళీ తిప్పుతారు. అలా ఒకసారి సాగిన బోల్టును రెండోసారి నమ్మకూడదు.

వాటర్ పంపు అక్కర్లేదని, బెల్టు ఒక్కటీ మారిస్తే చాలని దుకాణంలోనే ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఈ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పంపు బేరింగు పట్టేసినా, సీలు కారి కూలెంటు బెల్టు మీద పడినా కొత్త బెల్టు కూడా పాడైపోతుంది. మా పాత పంపు విప్పాక చూస్తే, అడుగున ఉన్న చిన్న ఊట రంధ్రం చుట్టూ ఎండిన కూలెంటు పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంది, గోరుతో గీస్తే పొడిగా రాలింది. పాత బెల్టు మాత్రం పైకి పగుళ్ళు లేకుండా చక్కగానే కనిపించింది. అందుకే బెల్టు విషయంలో కంటిచూపును నమ్మకుండా సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లనూ ఏళ్ళనూ నమ్మాలని, వాటిలో ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలని నేను గట్టిగా చెబుతాను. కారు తక్కువ తిరుగుతుంది కదా అని ఏళ్ళ లెక్కను పక్కన పెట్టేవారు మా బంధువుల్లోనే ఉన్నారు.

పనిలో అసలు కష్టం పిన్నులు కాదు, చోటు. కుడివైపు చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు తీశాక, ఆయిల్ సంపు కింద చెక్క పలక వేసి జాకీతో ఇంజన్‌ను ఆనించి, ఆ పైనే కుడివైపు మౌంటింగు (ఇంజన్‌ను కారుకు పట్టి ఉంచే భాగం) విప్పాలి. కారు మాత్రం స్టాండ్ల మీదే నిలబడాలి, జాకీ మీద వదిలి కిందికి చేయి పెట్టరాదు. క్రాంకు బోల్టు విప్పేటప్పుడు లాకింగ్ పిన్నునే ఆసరాగా వాడుకుంటే పిన్ను వంగిపోతుంది, లేదా విరుగుతుంది. మేము అయిదో గేరు వేసి, మేనల్లుడు బ్రేకు తొక్కి పట్టుకోగా పొడవాటి పిడితో విప్పాము. సెట్టుతో వచ్చిన కాగితంలో ఈ హెచ్చరిక లేదు. ఉండి తీరవలసిన మాట అది.

కొత్త బెల్టు ఎక్కించాక 6 మిల్లీమీటర్ల అలెన్ కీతో టెన్షనర్‌ను తిప్పి, దాని ముల్లును గాడికి ఎదురుగా తెచ్చి బిగించాము. తర్వాత రెండు పిన్నులూ తీసేసి, ఇంజన్ తిరిగే దిశలోనే క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పాము. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి అంతా మళ్ళీ మొదటి చోటికే రావాలి. ముల్లు చోటు మళ్ళీ చూసుకుని, పిన్నులు పెడితే రెండూ అడ్డు లేకుండా దిగాయి. దిగకపోతే తాళం తిప్పే ప్రసక్తే లేదు, మొదటినుంచీ మళ్ళీ చేయవలసిందే.

చాలామంది మెకానిక్‌లు పిన్నులు లేకుండా పాత బెల్టు మీదా పుల్లీల మీదా వైట్‌నర్‌తో గుర్తులు పెట్టి, వాటినే కొత్త బెల్టు మీదికి ఎత్తి రాసుకుని పని ముగిస్తారు. వారి చేతి అలవాటును నేను తక్కువ చేయను. కానీ పాత బెల్టే ఒక పన్ను జారి ఉంటే ఆ తప్పును కూడా అచ్చంగా ఎత్తి రాసినట్టవుతుంది. ఏడాదికి వంద బెల్టులు మార్చేవారి కళ్ళు మనకు లేవు కాబట్టి ఇంట్లో చేసేవారికి పిన్నులు తప్పనిసరి అన్నది నా అభిప్రాయం.

ఈ సెట్టుకు అయిదులో మూడు ఇస్తాను. క్యామ్ పిన్ను సరిగ్గా ఉండి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. కొనేవారు పెట్టె విప్పగానే వెర్నియర్ తీసుకుని కొలవండి, పని మొదలుపెట్టాక కాదు. టార్కు రెంచి, స్టాండ్లు, ఒక రోజంతా తీరిక లేనివారు, ఇంతకుముందు ఇంజన్‌లో మౌంటింగు కూడా విప్పనివారు దీన్ని మొదటి ప్రయోగంగా పెట్టుకోవద్దని మనవి. మా కారు ఆ తర్వాత ఇప్పటికి 2,300 కిలోమీటర్లు తిరిగింది, పంపు దగ్గర తడి లేదు, శబ్దంలో తేడా లేదు. మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాసిన చీటీని బానెట్ లోపలి వైపు అతికించి పెట్టాను.