వైర్ ట్రేసర్ కిట్: తెగిన తీగ దొరుకుతుంది, చిలుము దొరకదు

పాత ఫోర్ బై ఫోర్ బండిలో వైరింగు మొరాయిస్తే చాలామంది ముందు కొనేది ఈ కిట్టే. సిగ్నల్ పంపే పెట్టె, చేతిలో పట్టుకునే రిసీవర్ కడ్డీ, రెండు క్లిప్పులు: సరంజామా అంతే. తీగ వెంబడి కడ్డీ జరుపుతుంటే కూత వినిపిస్తుంది, కూత ఆగిన చోట తీగ తెగినట్టు లెక్క. టేపు విప్పక్కర్లేదు, డ్యాష్‌బోర్డు పీకక్కర్లేదు అని అమ్మేవాళ్లు చెప్పేది సగం నిజం.

ఆ నిజమైన సగం సంగతి ముందు. రాళ్లలో, బురదలో తిరిగిన బండికి టెయిల్ ల్యాంపు తీగలు చాసీ పక్కన ఎక్కడో క్లిప్పు ఊడి వేలాడతాయి. ఇనుప అంచుకు రాసుకుని రాసుకుని తెగుతాయి. ఇలాంటి చోట ట్రేసర్ డబ్బుకు న్యాయం చేస్తుంది. బ్యాటరీ ఎర్త్ కేబుల్ (బ్యాటరీని బండి బాడీకి కలిపే తీగ) తీసేసి, ఆ సర్క్యూట్‌లోని బల్బులన్నీ హోల్డర్లలోంచి ఊడదీయాలి. బల్బు ఉంటే సిగ్నల్ ఫిలమెంటు గుండా ఎర్త్‌లోకి దిగిపోతుంది, కూత తికమక పెడుతుంది. ఒక క్లిప్పు ఫ్యూజు దాటిన తర్వాతి కొనకు, రెండోది పెయింటు గీకిన చాసీకి పెట్టి, కడ్డీతో వెనక్కి నడిస్తే తెగిన చోటు జానెడు అటూ ఇటూగా తెలుస్తుంది. షార్ట్ మోడ్‌లో, అంటే తీగ తెగకుండా బాడీకి తగిలిన చోటు వెతికేటప్పుడు, పద్ధతి వేరు. తీగ బాడీకి తగిలిన చోటి దాకా కరెంటు వెళ్లి అక్కడ్నించి ఎర్త్‌లోకి తిరుగుతుంది, కాబట్టి ఆ చోటు దాటగానే కూత పడిపోతుంది. షార్ట్ గట్టిగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. బండి ఊగినప్పుడు మాత్రమే తగిలే షార్ట్‌కు దీన్ని నమ్ముకోవద్దు.

పెట్టెలా మూసుకున్న చాసీ లోపలికి తీగ దూరిందంటే ఇక కూత రాదు. ఉక్కు సిగ్నల్‌ను బయటికి రానివ్వదు. రబ్బరు గ్రొమెట్ (తీగ దూరే కన్నానికి తొడిగే రింగు) దగ్గర లోపలికి పోయే చోటా, బయటికి వచ్చే చోటా విని, మధ్యలో తెగిందని తేల్చుకోవడమే. తీగల కట్టలో అయితే పక్క తీగలు కూడా కూస్తాయి. సెన్సిటివిటీ బాగా తగ్గించి పెట్టాలి, దాన్ని మార్చే చక్రమేమో కాస్త తాకితే చాలు గెంతుతుంది. కిట్‌తో వచ్చే సూది క్లిప్పు ఇన్సులేషన్‌కు పెద్ద చిల్లే పెడుతుంది. ఆ చిల్లు మూయకపోతే నీళ్లు చేరి, కొన్నాళ్లకు లోపలి రాగి నల్లబడుతుంది. పాత రోగం పట్టుకోబోయి కొత్తది అంటించినట్టే.

అసలు లోటు వేరే ఉంది. పాత బండ్లలో ఎక్కువ తంటాలు తెగిన తీగవి కావు, చెడిన జాయింట్లవి. బుల్లెట్ కనెక్టర్ (రెండు తీగల కొనలను కలిపే గొట్టం జాయింటు) లాగి చూస్తే లోపల పచ్చటి చిలుము, ఎర్త్ బోల్టు కింద తుప్పు. ట్రేసర్‌కు ఇది మంచి తీగలాగే కనిపిస్తుంది. తీగ తెగిందో లేదో చెప్పే మల్టీమీటర్ బీప్ కూడా ఇక్కడ అబద్ధమాడుతుంది, ఎందుకంటే తీగలో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. చెడిన జాయింటు 0.2 ఓమ్ చూపినా, మీటరు ప్రోబుల రెసిస్టెన్సే అంత ఉంటుంది కాబట్టి పట్టించుకోం. అదే 0.2 ఓమ్ రెండు 55 వాట్ల హెడ్‌లైట్ల దారిలో ఉంటే, 9 ఆంపియర్ల దగ్గర సుమారు 1.8 వోల్టులు అక్కడే పోతాయి.

అందుకే లైటు వెలిగించి ఉంచి వోల్టేజ్ డ్రాప్ (దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో) చూడాలి. మీటరు ఒక ప్రోబు బల్బు హోల్డర్ బాడీకి, రెండోది నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు పెడితే 0.2 వోల్టు లోపు రావాలి. ఒక వోల్టు దాటితే ఎర్త్ పాడైనట్టే. పాజిటివ్ ఎర్త్ బండి (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపినది) అయితే రెండో ప్రోబు బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టాలి. బ్రేకు తొక్కితే ఇండికేటరో, పార్కింగ్ లైటో మసగ్గా వెలుగుతుంటే మీటరు కూడా అక్కర్లేదు, నేరుగా ఆ ల్యాంపు ఎర్త్ విప్పి గీకండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ట్రేసర్ కన్నా 21 వాట్ల ఇండికేటర్ బల్బు మేలు. ఆ సర్క్యూట్‌లో కరెంటు వాడే బల్బులూ, మిగతావన్నీ ఊడదీసి, ఫ్యూజు స్థానంలో దాన్ని కలిపితే షార్ట్ ఉన్నంతసేపూ పూర్తిగా వెలుగుతుంది, రెండు ఆంపియర్ల లోపే లాగుతుంది కాబట్టి తీగ కాలదు. కనెక్టర్లు ఒక్కొక్కటి విప్పుతూ, తీగలు కదుపుతూ పోతే ఎక్కడ ఆరితే అక్కడే షార్ట్. అప్పుడప్పుడూ తగిలే షార్ట్ కూడా దీనికి దొరికిపోతుంది. ఫ్యూజుల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత లూకస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు, నిరంతరం మోసేది అందులో దాదాపు సగమే. 35 నిరంతరం మోసే వేరే రకం ఫ్యూజు అక్కడ పెడితే ఫ్యూజు కన్నా ముందు తీగ కాలుతుంది.

మంచి మల్టీమీటర్, బల్బు హోల్డర్‌తో టెస్ట్ ల్యాంప్ లేనివాళ్లు ఈ కిట్ కొనడం దండగ. అవి రెండూ ఉండి, చాసీ పొడవునా కొత్త టేపు చుట్టిన హార్నెస్ (తీగల కట్ట) ఉన్నవాళ్లకు పనికొస్తుంది. కొన్నాక, పని మొదలుపెట్టే ముందు తెగలేదని తెలిసిన తీగ మీద ఒకసారి విని చూడండి. రిసీవర్ బ్యాటరీ దిగిపోతే కూత దానంతటదే తగ్గుతుంది, మంచి తీగ కూడా తెగినట్టే కనిపిస్తుంది.