సిలికాన్ యూరిన్ పైపు: ఏళ్ల తరబడి వాడిన మీదట

ప్రోస్టేట్ ఆపరేషన్‌ను నా గుండె తట్టుకోలేదని డాక్టర్లు తేల్చినప్పటి నుంచి మూత్రాశయంలోకి వేసి మూత్రాన్ని బ్యాగులోకి దించే ఈ పైపే నాకు దిక్కు. మాది పొదిలి. మొదట్లో పసుపు రంగు లేటెక్స్ పైపులు వాడాను, తర్వాత సిలికాన్‌కు మారాను. మందుల షాపులో రెంటికీ ధరలో తేడా చెబుతారే గాని, ఏది ఎక్కడ మొరాయిస్తుందో చెప్పరు.

లేటెక్స్ చవక, కానీ కొద్ది వారాలకే మార్చుకోవాలి. సిలికాన్‌ను సాధారణంగా 12 వారాల దాకా ఉంచవచ్చంటారు. దాని గోడ పలచన కాబట్టి బయటి మందం అదే 16 సైజు అయినా లోపలి దారి కాస్త వెడల్పుగా ఉంటుంది. ఒరిపిడి కూడా తక్కువే.

అసలు తంటా బెలూన్‌తోనే. మూత్రాశయంలో పైపు జారిపోకుండా పట్టి ఉంచే బుడగ అది. నాకు పెట్టేది 10 మిల్లీలీటర్లది. సిలికాన్ బెలూన్‌లోని నీరు రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా బయటికి ఇంకిపోతుంది. మరీ తగ్గితే పైపు దానంతటదే జారి వచ్చేస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురైనది ఇంకొకటి జరిగింది. పైపు మార్చే రోజు, ముందుగా బెలూన్‌లోని నీరు తీసేయడానికి నర్సు సిరంజి తగిలించి లాగితే చుక్క నీరు రాలేదు. వదిలితే పిస్టన్ వెనక్కి వెళ్లిపోయింది. సిరంజి మార్చింది, మెల్లగా లాగింది. గట్టిగా లాగితే బెలూన్‌కు నీరు వెళ్లే లోపలి సన్న దారి అతుక్కుపోతుందట. సిరంజి తగిలించే వాల్వు ఉన్న కొసను కత్తిరించినా రెండు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. చివరికి ఒంగోలులో యూరాలజిస్టు ఆ దారిలోంచే సన్నటి తీగ పంపి నీరు దించారు. అదీ కుదరకపోతే స్కానింగ్‌లో చూస్తూ సూదితో బుడగను పొడుస్తారట. ఇంకా నీరెక్కించి పగలగొట్టవచ్చు కదా అని అడిగాను. ముక్కలు లోపల మిగిలితే వాటి చుట్టూ రాళ్లు కడతాయన్నారు. బెలూన్‌లో సెలైన్ నింపితే ఉప్పు పేరుకుని దారి మూసుకుపోవచ్చు. అందుకే ఇప్పుడు స్టెరైల్ వాటర్ సీసా చూపిస్తేనే పని మొదలుపెట్టనిస్తాను. నర్సులకు నా మీద కోపమే, అయినా సరే.

పైపు మూసుకుపోవడం మరో బాధ. కొన్ని రకాల క్రిములు మూత్రంలోని యూరియాను విడగొట్టి క్షారగుణం పెంచుతాయి. దాంతో కాల్షియం, మెగ్నీషియం లవణాలు పైపు కొసన పేరుకుంటాయి. తీసేసిన పైపును గ్లవుజు వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా కరకరలాడుతుంది. నాకు 12 వారాలు ఏనాడూ నిలవలేదు, అందుకే గడువు రాకముందే మార్పిస్తున్నాను. బ్యాగులోకి చుక్క దిగకుండా పైపు పక్కనుంచి కారుతోందంటే ముందు మడత పడిందేమో చూస్తాను. మలబద్ధకం ఉన్నా అలాగే కారుతుంది. ఇవేవీ కాకుండా పొత్తికడుపు బిగుసుకుంటే ఇక ఆగకుండా ఆసుపత్రికే. మందు తోసి చూద్దామని ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పైపుకు మంచి మార్కులే వేస్తాను. బ్యాగు కుళాయికి మాత్రం సున్నా. లోపలికి తోసి మూసే రకం నా వణికే వేళ్లకు ఎప్పుడూ సరిగా బిగియదు. చీమకుర్తి దగ్గర, గ్రానైట్ లారీలు గుంతలు చేసిన రోడ్డు మీద బస్సు ఎగిరిపడగానే అది ఊడి పంచె తడిసింది. అడ్డంగా తిప్పే మీట ఉన్నదే అడిగి కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా.